నిప్పుకొండ చూడ్డానికి పోయే ముందు: పేట నుంచి పాపికొండల దాకా మనం తెలుసుకోవాల్సిన చరిత్ర

  

ఈ సెలవుల్లో ఎక్కడికి పోదాం అనే చర్చ మొదలైంది కదా. జగ్గయ్యపేట, నందిగామ హాస్టళ్లలో చదువుకునే మన పిల్లలు కొందరు అగ్నిపర్వతం ఉన్న నేషనల్ పార్క్ ఏదైనా చూద్దాం అంటున్నారు. వీడియోల్లో ఎర్రగా పారే లావా, పొగలు కక్కే నేల చూసి ఎవరికైనా ఆశ పుడుతుంది. మంచి కోరికే. అయితే బస్సు మాట్లాడుకునే ముందు రెండు సంగతులు తెలుసుకోవాలి. ఒకటి, మనకు అందే దూరంలో అగ్నిపర్వతం ఆనవాళ్లు ఎక్కడున్నాయి. రెండోది, నేషనల్ పార్క్ అనేది ఎట్లా పుట్టింది, ఆ పుట్టుకలో మనలాంటి జాతులకు ఏం జరిగింది. మొదటిది సైన్సు, రెండోది చరిత్ర. రెండూ తెలిస్తేనే ట్రిప్ ట్రిప్‌లా ఉంటుంది. లేకపోతే సెల్ఫీలు దిగి వచ్చేస్తాం, అంతే.

ముందే సూటిగా చెప్పేస్తాను. మన దేశంలో ఇప్పటికీ నిప్పు కక్కుతున్న కొండ ఒక్కటే, అండమాన్‌లోని బారెన్ ద్వీపం. నూట యాభై ఏళ్లకు పైగా నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది. అక్కడ మనుషులు ఉండరు, మామూలు యాత్రికులను దిగనివ్వరు. కాబట్టి మండే కొండ మనకు కుదరదు. చల్లారిన నిప్పు మాత్రం మన దారిలోనే ఉంది.

మన కాళ్ల కింద ఉన్నది

మన పేట చుట్టూ ఉన్నదంతా సున్నపురాయే అనుకుంటాం. సిమెంటు ఫ్యాక్టరీలు అందుకే వచ్చాయి. ఇళ్లల్లో పరిచే బండలూ అవే, ధనంబోడు మీద పాత బౌద్ధ స్తూపానికి వాడిన పలకలూ ఆ జాతివే. ఆ సున్నపురాయి సముద్రం అడుగున పేరుకున్నది, నిప్పులో పుట్టినది కాదు. కానీ అదే జగ్గయ్యపేట పరిసరాల్లో, రామన్నపేట, పోచంపల్లి దగ్గర, భూగర్భ శాస్త్రజ్ఞులు ఇంకో రకం రాయి కనిపెట్టారు. దాని పేరు లాంప్రోయిట్. ఈ ప్రాంతానికే కృష్ణా లాంప్రోయిట్ క్షేత్రం అని పేరు పెట్టారు. భూమి లోపల 150 కిలోమీటర్ల కంటే లోతు నుంచి సన్నటి పగుళ్ల గుండా పైకి తన్నుకొచ్చిన అగ్నిశిల అది. వయసు నూరు కోట్ల ఏళ్లకు పైనే. పైన కొండ ఏమీ మిగల్లేదు. పొలాల మధ్య చూస్తే మామూలు మట్టిలాగే ఉంటుంది.

వజ్రాలను లోతుల్లోంచి పైకి మోసుకొచ్చేవి లాంప్రోయిట్, కింబర్లైట్ అనే ఈ రెండు రకాల రాళ్లే. నందిగామ నుంచి విజయవాడ పోతుంటే కంచికచర్ల దాటాక వచ్చే పరిటాల ఒకప్పుడు వజ్రాల ఊరు. ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి పోయినా, నిజాం ఈ వజ్రాల ఊళ్లను వదులుకోలేదు. చుట్టూ ఇంగ్లీషు వాళ్ల రాజ్యం, మధ్యలో నిజాం తునక. కృష్ణకు అవతలి ఒడ్డున కొల్లూరు గని. 17వ శతాబ్దంలో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే, ఆడా మగా పిల్లా అందరూ కలిపి దగ్గర దగ్గర 60,000 మంది పని చేస్తున్నారని రాశాడు. ఆ వజ్రాలు ఎవరి కిరీటాల్లోకి పోయాయో పుస్తకాల్లో ఉంది. మట్టి తవ్విన ఆ అరవై వేల మంది పేర్లు మాత్రం ఎక్కడా లేవు. ఇప్పుడా కొల్లూరు గని కూడా పులిచింతల నీళ్ల కింద ఉంది.

పేట పేరు గురించీ ఒక మాట. ఈ ఊరి పాత పేరు బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గన్న పేరు మీద దీన్ని జగ్గయ్యపేట చేశాడు. గుళ్లు కట్టించిన జమీందారుగా ఆయన పేరు అందరికీ తెలుసు. అదే ఆయన, దోపిడీలు చేస్తున్నారని వందల మంది చెంచులను భోజనానికని పిలిపించి తలలు నరికించాడని, ఆ పాపభయంతోనే అమరావతి చేరి శివుడి సేవలో పడ్డాడని అటుపక్క తరతరాలుగా చెప్పుకుంటారు. నరుకుళ్లపాడు అనే ఊరి పేరు అందుకే వచ్చిందంటారు. అంటే మనం బస్సెక్కే ఊరి కథలోనే అడవి మనుషుల తలలు ఉన్నాయి. ఇది గుర్తుంచుకుని బయల్దేరదాం.

పంగిడి నల్లరాయి

దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట దక్కను నేల చీలి లావా పారింది. ఒకసారి కాదు, వందల వేల ఏళ్లపాటు విడతలు విడతలుగా. పొర మీద పొర పేరుకుని పడమటి కనుమల దగ్గర రెండు కిలోమీటర్ల మందం అయింది. ఇప్పటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఆ నల్లరాయి పరుచుకుని ఉంది. మన కృష్ణమ్మ పుట్టిన మహాబలేశ్వరం కొండ మొత్తం ఆ లావానే. బంజారాలు యాత్రకు పోయే పోహ్రాదేవి ఉన్న వాషిం జిల్లా కూడా ఆ లావా మీదే ఉంది. మన తాతలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కను అంతా తిరిగినప్పుడు నడిచిన నేల చాలావరకు అదే.

ఆ లావా తూర్పున ఆగిపోయింది అనుకుంటాం. కానీ గోదావరి ఒడ్డున, రాజమండ్రి దగ్గర మళ్లీ తేలింది. నదికి పడమర దుద్దుకూరు, గౌరీపట్నం, పంగిడి, తూర్పున కాతేరు. వీటిని రాజమండ్రి ట్రాప్స్ అంటారు. వయసు, రసాయన గుణాలు సరిచూసి, ఇవి పడమటి కనుమల దగ్గర పుట్టి, పాత నదీలోయల వెంట సుమారు 1000 కిలోమీటర్లు పారి సముద్రం దాకా వచ్చిన లావా ప్రవాహాలని చాలామంది శాస్త్రజ్ఞులు అంటారు. అదే నిజమైతే భూమి మీద ఇంత దూరం పారిన లావా ఇంకోటి లేదు.

ఆ క్వారీల్లో ఇంకో విశేషం ఉంది. కింద ఒక లావా పొర, పైన ఇంకో లావా పొర, మధ్యలో తెల్లటి సున్నపు పొర. ఆ మధ్య పొరలో గవ్వలు, కంటికి కనపడనంత చిన్న సముద్ర జీవుల శిలాజాలు ఉన్నాయి. గెర్టా కెల్లర్ అనే శాస్త్రజ్ఞురాలి బృందం వాటిని పరిశీలించి, డైనోసార్లు అంతరించిన కాలం కింది లావాకూ ఈ మధ్య పొరకూ దగ్గరలోనే పడుతుందని 2008లో చెప్పింది. డైనోసార్లను చంపింది మెక్సికోలో పడ్డ గ్రహశకలమా, మన లావానా, రెండూ కలిసా అనే వాదన ప్రపంచంలో ఇంకా నడుస్తోంది. ఆ వాదనలో పంగిడి రాయి కూడా ఒక సాక్షి.

ఆ సాక్షి ఇప్పుడు కంకర అవుతోంది. క్రషర్లలో పడి రోడ్లకీ ఇళ్లకీ పోతోంది. దానికి పార్కూ లేదు, బోర్డూ లేదు, గేటూ లేదు. రాయి పేలుస్తూ, లారీలు నింపుతూ దుమ్ములో పనిచేసే కూలీలు ఉన్నారు. ప్రపంచంలో ఇంకో చోట అయితే ఇట్లాంటి దాని చుట్టూ కంచె కట్టి టికెట్ పెట్టేవాళ్లు. ఆ కంచె కథే ఇప్పుడు చెప్పుకోవాల్సింది.

మొదటి పార్కు, మొదటి వెళ్లగొట్టుడు

ప్రపంచంలో మొదటి నేషనల్ పార్కు అమెరికాలోని ఎల్లోస్టోన్. 1872 మార్చి 1న చట్టం అయింది. అది ఒక మహా అగ్నిపర్వతం నోటి మీదే ఉంది. వేడినీళ్లు చిమ్మే ఊటలు, ఉడికే బురద గుంటలు అందుకే. మనిషి చెయ్యి పడని అడవి అని దాన్ని లోకానికి చూపించారు.

కానీ అక్కడ మనుషులు వేల ఏళ్లుగా ఉన్నారు. షోషోనీ తెగలో టుకుడికా అనే వాళ్లు కొండగొర్రెలను వేటాడుకుంటూ ఆ కొండల్లోనే బతికేవాళ్లు. క్రో, బ్లాక్‌ఫీట్, బానక్ లాంటి చాలా తెగలు వేటకూ పూజకూ వచ్చేవి. అగ్నిపర్వతం ఇచ్చిన నల్లగాజు రాయితో బాణం ములుకులు చేసేవాళ్లు. ఆ రాయి రెండు వేల కిలోమీటర్ల అవతల, ఒహాయో సమాధి దిబ్బల్లో కూడా దొరికింది. ఇంత చరిత్ర ఉన్న వాళ్లను కొద్ది ఏళ్లలోనే రిజర్వేషన్లకు తరలించారు. పార్కు అధికారి నోరిస్ అయితే, ఇండియన్లకు ఆ వేడి ఊటలంటే భయం, అందుకే వాళ్లు ఇటు రారు అని ప్రచారం చేశాడు. టూరిస్టులకు ధైర్యం చెప్పడానికి పుట్టించిన మాట అది. 1886 నుంచి 1918 దాకా ఆ పార్కును కాపలా కాసింది సైన్యం.

ఈ పద్ధతి జాగ్రత్తగా గమనించండి. ముందు మనుషులను పంపించేశారు. తర్వాత ఇక్కడ మనుషులు ఎప్పుడూ లేరు అన్నారు. ఆ తర్వాత అదే మాట ప్రపంచమంతా పార్కు పెట్టడానికి నమూనా అయింది. 150 ఏళ్ల తర్వాత, 2022లో, ఆ పార్కులో ఒక శిఖరం పేరు మార్చారు. 1870లో బ్లాక్‌ఫీట్ శిబిరం మీద పడి కనీసం 173 మందిని చంపిన దాడిలో పాల్గొన్న డోన్ అనే అధికారి పేరు దానికి ఉండేది. ఇప్పుడు దాని పేరు తొలి ప్రజల శిఖరం. పేరు తిరిగొచ్చింది గానీ నేల తిరిగి రాలేదు.

కొండ మా తాత అన్నవాళ్లు

న్యూజిలాండ్‌లో కథ ఇంకోలా నడిచింది. అక్కడ టోంగరిరో, న్గౌరుహోయె, రువాపెహు అని మూడు అగ్నిపర్వతాలు. న్గాటి తూఫారెటోవా అనే మావోరి తెగకు అవి పూర్వీకులు. కొండ వాళ్లకు ఆస్తి కాదు, ఇంటి పెద్ద. 19వ శతాబ్దంలో భూమి కోర్టులు పెట్టి మావోరి ఉమ్మడి నేలను ముక్కలు చేసి పట్టాలు రాయడం మొదలైంది. పట్టా అయిన ముక్క తెల్లవాళ్ల చేతికి పోవడం ఎంతసేపు? ఆ భయంతో తెగ పెద్ద తే హ్యూహ్యూ 1887లో ఆ శిఖరాలను రాణి పేరు కింద రక్షణగా పెట్టాడు. 1894లో పార్కు చట్టం వచ్చింది.

ఉదారంగా ఇచ్చిన బహుమతి అని వందేళ్లు పాఠాల్లో చెప్పారు. మావోరి లెక్కలో అది దానం కాదు. ఇద్దరం కలిసి కాపాడుదాం అనే ఒప్పందం. 2013లో వైతాంగి ట్రిబ్యునల్ నివేదిక ఆ వాదనను బలపరిచింది. ఈలోగా 1993లో టోంగరిరో ప్రపంచ వారసత్వ జాబితాలో సాంస్కృతిక భూభాగంగా చేరింది. ఆ కొత్త పద్ధతిలో చేరిన మొదటి చోటు అదే. అంటే మనుషుల నమ్మకం కూడా ఆ కొండలో భాగమేనని లోకం ఒప్పుకుంది. ఇంకో అగ్నిపర్వతం తరనాకికి 2025 జనవరిలో న్యూజిలాండ్ పార్లమెంటు చట్టపరమైన వ్యక్తి హోదా ఇచ్చింది. ఆ కొండ ఇప్పుడు చట్టం ముందు ఎవరి ఆస్తీ కాదు.

హవాయిలో 1916లో అగ్నిపర్వతాల పార్కు పెట్టారు. అక్కడి ఆదివాసులకు కిలౌయెయా బిలం పెలె అమ్మవారి ఇల్లు. వాళ్ల రాజ్యాన్ని 1893లో కూలదోసి, 1898లో అమెరికాలో కలిపేసుకున్నారు. అయినా 1938లో పార్కును కలపన వైపు పెంచినప్పుడు, అక్కడి హవాయి వాసులకు చేపలు పట్టుకునే హక్కు, ఇల్లు వేసుకునే వీలు చట్టంలోనే రాశారు. పూర్తి న్యాయం కాదు. కానీ మనుషులను తీసెయ్యకుండా కూడా పార్కు పెట్టొచ్చు అనడానికి అదొక పాత రుజువు.

మన పార్కు

ఇప్పుడు మన గోదావరికి వద్దాం. పాపికొండలు 1978లో అభయారణ్యం, 2008లో నేషనల్ పార్కు. విస్తీర్ణం 1012 చదరపు కిలోమీటర్లు. ఇది అగ్నిపర్వతం కాదు, ఆ తేడా తెలిసి ఉండాలి. పంగిడిది లావా, పాపికొండలు తూర్పు కనుమల పాత రాళ్లు. వాటిలో ముఖ్యమైన రాయికి ఖొండలైట్ అని పేరు. ఒడిశా ఖోండు ఆదివాసుల పేరు మీద 1902లో పెట్టిన పేరు అది. భూగర్భ శాస్త్రం మన జాతి పేరును రాయికి ఇచ్చింది. చట్టం మాత్రం ఆ రాయి మీద ఉండే హక్కు ఇవ్వడానికి ఇంకో వందేళ్లు తీసుకుంది.

ఆ కొండల్లో ఉండేది కొండరెడ్లు, కోయలు. పోడు కొట్టుకుని, వెదురు నరుక్కుని, జీలుగు కల్లు తాగి బతికినవాళ్లు. కల్లు మీద పన్ను వేసినందుకు 1879లో రంప తిరగబడింది. 1882 మద్రాసు అటవీ చట్టం పోడుకు అడ్డం పడింది. 1922 ఆగస్టులో అల్లూరి దళం వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడింది. సీతారామరాజు విగ్రహం ప్రతి సెంటర్లో ఉంది. ఆయన వెనక నడిచిన గాం గంటందొర పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

2006 అటవీ హక్కుల చట్టం, తరతరాలుగా అడవిలో ఉన్నవాళ్లకు చారిత్రక అన్యాయం జరిగిందని తన పీఠికలోనే ఒప్పుకుంది. నేషనల్ పార్కుల్లో కూడా హక్కులు తేల్చకుండా, గ్రామసభ ఒప్పుకోకుండా మనుషులను కదల్చకూడదని రాసింది. కాగితం మీద ఇది ఎల్లోస్టోన్‌కు జవాబు. నేల మీద చూస్తే అదే లోయకు పోలవరం వచ్చింది. 2014లో విభజనతో పాటు ముంపు మండలాలు తెలంగాణ నుంచి ఆంధ్రకు మారాయి. దేవీపట్నం లాంటి పాత ఊళ్లు ఖాళీ అయ్యాయి. పార్కు పులికి, డ్యాము నీటికి. కొండరెడ్డికి కాలనీ ఇల్లు.

మనం ఎవరిగా పోతున్నాం?

ఇది కాస్త ఇబ్బంది పెట్టే ప్రశ్న. అయినా అడుక్కోవాలి. ఈ గ్రూపులో ఎక్కువమంది మైదానం ఎస్టీలం. సుగాలీలు, ఎరుకలు, యానాదులు. పాత కృష్ణా జిల్లాలో షెడ్యూల్డ్ ఏరియా లేదు. అక్కడ గిరిజనుడి భూమిని గిరిజనేతరుడు కొనకుండా ఆపే 1/70 చట్టం ఉంది, మన తండాలకు లేదు. మన హోదా కథా వేరు. పేట దాటి కోదాడ పోతే మన చుట్టాలే. 1956 నుంచి ఇటుపక్క మనం ఎస్టీలం. అటుపక్క లంబాడీలకు అది 1976 చట్ట సవరణతో గానీ రాలేదు. ఇరవై ఏళ్లు మేనల్లుడు ఎస్టీ, మేనమామ కాదు. గీత మారితే మనిషి మారిపోతాడన్నమాట! అంతకు ముందు తెల్లదొరల చట్టం సంచార జాతులను పుట్టుకతో నేరస్తులన్నది. ఆ ముద్ర పోవడానికి 1952 దాకా పట్టింది.

కాబట్టి మనకూ దెబ్బలున్నాయి. అయినా కోయగూడెం గుమ్మం ముందు మనం బయటివాళ్లమే. 2017లో ఆదిలాబాద్‌లో గోండులకూ లంబాడీలకూ మధ్య ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఆ తగువు ఈ పోస్టులో తేలేది కాదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. మనం కూడా ఎస్టీలమే కదా అని చొరవగా ఇళ్లల్లోకి పోయి వీడియోలు తీస్తే, ఆ తగువుకు ఇంకో పుల్ల వేసినట్టే. అడిగి పోతే, వాళ్ల మాట విని వస్తే, ఒక్క పుల్ల తీసినట్టు.

ఇక ప్లాన్

రెండు రోజులు చాలు. చలికాలం మంచిది. పేటలో తెల్లవారుజామున బయల్దేరి నందిగామలో మిగతావాళ్లను ఎక్కించుకుని, పరిటాల మీదుగా విజయవాడ. అక్కడి నుంచి ఏలూరు, గుండుగొలను, నల్లజర్ల, దేవరపల్లి, కొవ్వూరు దారి పట్టాలి. ఆ దారిలోనే గౌరీపట్నం, పంగిడి తగులుతాయి. క్వారీలోకి మేనేజరును అడక్కుండా అడుగు పెట్టొద్దు. పేలుళ్లు ఉంటాయి, అంచులు జారతాయి. దూరం నుంచే నల్ల పొర, తెల్ల పొర, మళ్లీ నల్ల పొర కనిపించే చోటు చూసి గీసుకోండి. రాత్రి రాజమండ్రి.

రెండో రోజు పాపికొండలు. ఆ రోజు బోట్లకు అనుమతి ఉందో లేదో ముందు రోజే కనుక్కోవాలి. నీటిమట్టం పెరిగితే ఆపేస్తారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరదలో బోటు మునిగింది. 77 మంది ఎక్కితే 26 మందే బతికి బయటపడ్డారు. అందుకని లైఫ్ జాకెట్ వేసుకోనంటే బోటు ఎక్కించేది లేదు, ఎంత పెద్దవాళ్లయినా సరే. అడవి లోపలికి పోవాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. గూడెంలోకి పోవాలంటే ఊరి పెద్ద అనుమతి కావాలి. మొదటిది చట్టం అడుగుతుంది. రెండోది మన చరిత్ర అడుగుతుంది.

ఒక్కొక్కరు ఒక పుస్తకం, ఒక పెన్ను తెచ్చుకోండి. అక్కడి పెద్దవాళ్లు మాట్లాడటానికి ఇష్టపడితే మూడు ప్రశ్నలు అడగండి. ఈ కొండను మీ భాషలో ఏమంటారు? పార్కు అయ్యాక మీకు ఏది ఆగిపోయింది? మీ హక్కుల పట్టా వచ్చిందా, వస్తే ఎన్ని ఎకరాలకు? జవాబులు వాళ్ల మాటల్లోనే రాసుకోండి, పేర్లు రాయాలంటే అడిగి రాయండి. వచ్చాక అవన్నీ కలిపి ఇక్కడే పెడదాం. నోరిస్ లాంటి వాళ్లు రేపు ఇక్కడ మనుషులెవరూ లేరు అని రాస్తే, ఉన్నారు అని చూపించడానికి మన చేతిలో ఒక నోటుబుక్కు అయినా ఉండాలి.